లాటరీ తగిలిన ఇంట్లో లెక్క ఎక్కడ తప్పుతుంది

2022 సెప్టెంబరు 18న కేరళ ప్రభుత్వ ఓణం బంపర్ లాటరీ డ్రాలో 25 కోట్ల మొదటి బహుమతి తిరువనంతపురంలోని ఒక ఆటో డ్రైవరుకు తగిలింది. టికెట్టు ధర 500. చేతిలో యాభై రూపాయలు తక్కువైతే కొడుకు దాచుకున్న హుండీ పగలగొట్టి మరీ కొన్న టికెట్టు అది. వారం తిరగకముందే అతను ఒక వీడియోలో చేతులెత్తేశాడు. ఈ బహుమతి రాకుండా ఉంటే బాగుండేదని, కనీసం మూడో బహుమతి తగిలినా ప్రాణం హాయిగా ఉండేదని అన్నాడు. తెల్లవారకముందే గుమ్మం ముందు జనం చేరుతున్నారు. ఒంట్లో బాగాలేని బిడ్డను ఆసుపత్రికి తీసుకెళ్దామన్నా ఇంట్లోంచి కాలు బయటపెట్టలేని పరిస్థితి. చివరికి చుట్టాల ఇంటికి మకాం మార్చాల్సి వచ్చింది. అప్పటికి ఆ బహుమతి సొమ్ములో ఒక్క రూపాయి కూడా అతని ఖాతాలో పడలేదు.

అంటే డబ్బు రాకముందే డబ్బు తాలూకు తగాదా వచ్చేసింది. అది ఎలా పుడుతుందో చూస్తే, లాటరీ ఇళ్ళలో జరిగే గొడవల్లో చాలా భాగం ప్రేమలు చెడి వచ్చినవి కావని అర్థమవుతుంది. లెక్క తెలియకపోవడం, కాగితం రాసుకోకపోవడం అనే రెండు లోపాల నుంచి అవి మొదలవుతాయి. తర్వాత ప్రేమల మీదికి పాకుతాయి.

ముందు లెక్క. కేరళ బంపర్‌లో ప్రకటించిన మొత్తంలోంచి 10 శాతం టికెట్టు అమ్మిన ఏజెంటుకు కమిషన్‌గా పోతుంది. 25 కోట్లు 22.5 కోట్లవుతుంది. దాని మీద 30 శాతం, అంటే 6.75 కోట్లు, పన్నుగా కోసుకుని మిగతా 15.75 కోట్లు లాటరీ శాఖ గెలిచినవాడి ఖాతాలో వేస్తుంది. పన్ను అయిపోయిందని అందరూ అనుకునేది ఇక్కడే. అయిపోలేదు. కట్టిన పన్ను మీద సర్‌చార్జీ అనే అదనపు పన్ను, ఆ రెండింటి మీద 4 శాతం సెస్ అనే ఇంకో పన్ను గెలిచినవాడే విడిగా కట్టుకోవాలి. అప్పటి సర్‌చార్జీ 37 శాతం కాబట్టి ఆ బాకీ సుమారు 2.87 కోట్లయింది. చేతికి నికరంగా మిగిలేది 12.88 కోట్లు. 2023-24 నుంచి కొత్త పన్ను విధానంలో సర్‌చార్జీ 25 శాతానికి మించదు కాబట్టి, అదే 25 కోట్లకు ఇప్పుడు మిగిలేది సుమారు 13.72 కోట్లు. లాటరీ శాఖ కోసుకున్న తర్వాత కూడా ఇంకా రెండు కోట్ల పైచిలుకు కట్టాలి.

చిన్న బహుమతికీ ఇదే కోత. కోటి తగిలితే కమిషన్ పోను 90 లక్షలు, దాని మీద 27 లక్షల పన్ను, 10 శాతం సర్‌చార్జీ, సెస్ అన్నీ పోను మిగిలేది 59 లక్షలు. టికెట్ల కోసం ఏళ్ళ తరబడి పెట్టిన ఖర్చును ఇందులోంచి తగ్గించుకునే వీలు చట్టంలో లేదు.

ఈ రెండో విడత పన్ను చాలా ఇళ్ళలో మొదటి పిడుగు. ఖాతాలో 15.75 కోట్లు కనిపించగానే తమ్ముడికి ఇల్లు, చెల్లెలి పెళ్ళి, గుడికి విరాళం అని మాట ఇచ్చేస్తారు. ఆర్థిక సంవత్సరం ముగిసేలోగా ముందస్తు పన్నుగా మిగతాది కట్టకపోతే ఆ బాకీ మీద నెలకు ఒక శాతం వడ్డీ మొదలవుతుంది. అప్పుడు ఇచ్చిన మాట వెనక్కి తీసుకోవాల్సి వస్తుంది. మొదటే ఇవ్వకపోతే చెల్లెలు మరిచిపోయేది. ఇస్తానని తర్వాత లేదంటే మరిచిపోదు. అందుకని డబ్బు పడిన రోజే ఆ సర్‌చార్జీ సొమ్మును వేరే ఖాతాలోకి మార్చి, ఆడిటరు చేత చలానా కట్టించేయాలి. ఆ తర్వాతే ఇంట్లో ఎవరికైనా అంకె చెప్పాలి.

అడిగేవాళ్ళ వైపు నుంచీ చూద్దాం. వాళ్ళు దుర్మార్గులేమీ కాదు. ఆసుపత్రి బిల్లుకు రెండు లక్షలు కావలసిన మనిషికి ఎదురుగా కనిపించే అంకె 25 కోట్లు. పాతిక కోట్లలో రెండు లక్షలు ఒక లెక్కా అనిపించడం సహజం. ఇచ్చేవాడి దగ్గర ఉన్నది అందులో సగం, పైగా అదే రెండు లక్షలు అడిగేవాళ్ళు ఐదు వందల మంది వస్తే పది కోట్లు. ఈ రెండో సంగతి అడిగే మనిషికి కనిపించదు, ఎందుకంటే అతనికి తన రెండు లక్షలే తెలుసు. 13.72 కోట్లు పైసా ఖర్చు పెట్టకుండా 7 శాతానికి ఫిక్స్‌డ్ డిపాజిట్ చేస్తే ఏడాదికి 96 లక్షల వడ్డీ, పన్ను పోను నెలకు ఐదున్నర లక్షల పైచిలుకు. చాలా మంచి బతుకే. ఊరందరి అప్పులూ తీర్చే బతుకు మాత్రం కాదు. ఇల్లు కొంటే, పంపకాలు చేస్తే అది ఇంకా తగ్గుతుంది.

రక్తసంబంధం, హక్కు

మన ఇళ్ళలో భూమి డబ్బుకూ లాటరీ డబ్బుకూ ఉన్న తేడా చాలామందికి తట్టదు. రింగు రోడ్డుకో కాలువకో పొలం పోయి పరిహారం వస్తే, అది పిత్రార్జితమైతే అన్నదమ్ములకే కాదు, ఆడపిల్లలకూ పుట్టుకతో వాటా ఉంది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో పెళ్ళికాని కూతుళ్ళకు 1985 నుంచి, దేశమంతటా కూతుళ్ళందరికీ 2005 నుంచి ఆ హక్కు వచ్చింది. అక్కడ తగాదా హక్కు గురించి. లాటరీ టికెట్టు తన సంపాదనతో కొన్నవాడికి తగిలింది స్వార్జితం. తమ్ముడికీ లేదు, కొడుక్కీ లేదు పుట్టుకతో వచ్చే వాటా. అయినా ఇంట్లో మాటలు పిత్రార్జితం పంచుకుంటున్నట్టే సాగుతాయి. "నిన్ను చదివించడానికి నేను చదువు మానేశాను" అని అన్న అన్నప్పుడు అది చట్టం ముందు నిలిచే మాట కాదు, కానీ అబద్ధమూ కాదు. దాన్ని హక్కుగా ఒప్పుకోకుండా రుణంగా ఒప్పుకోవడమే ఉన్న దారి. ఎవరికి ఎందుకు ఇస్తున్నామో కారణం చెప్పి ఒకేసారి ఇవ్వడం మేలు. కారణం చెప్పకుండా ఇచ్చింది ఎంతైనా తక్కువగానే కనిపిస్తుంది, పక్కవాడికి ఇచ్చినదానితో పోల్చుకుంటారు కాబట్టి.

భార్యాభర్తల మధ్య రాపిడి సాధారణంగా పుట్టింటికెంత, అత్తింటికెంత అన్న దగ్గర రాజుకుంటుంది. స్వీడన్‌లో లాటరీ విజేతల వివాహాలను రికార్డుల ఆధారంగా పరిశీలించిన ఆర్థికవేత్తలకు ఒక ఆసక్తికరమైన తేడా కనిపించింది. మగవాళ్ళు గెలిచిన ఇళ్ళలో విడాకుల అవకాశం తగ్గింది, ఆడవాళ్ళు గెలిచిన ఇళ్ళలో మొదటి కొన్నేళ్ళు పెరిగింది. డబ్బు కాపురాన్ని చెడగొట్టిందని దీన్ని చదవడం తొందరపాటు. అప్పటికే బయటికి రావాలనుకుంటున్న మనిషికి దారిఖర్చు దొరికిందని చదవడమే నాకు సబబనిపిస్తుంది.

బహుమతిగా ఇచ్చేటప్పుడు పన్ను చట్టంలో బంధువు అన్న మాటకు ఉన్న అర్థం మన వరసలతో కలవదు. ఇది తెలియక మంచి మనసుతో ఇచ్చినవాళ్ళు తిట్లు తిన్నారు. పుచ్చుకునేవాళ్ళకు భార్య లేదా భర్త, తోబుట్టువులు, తల్లిదండ్రులు, వాళ్ళ తోబుట్టువులు, పిల్లలు, మనవలు, అత్తమామలు, బావమరదులు వీళ్ళలో ఎవరు ఎంత ఇచ్చినా పన్ను లేదు. పెదనాన్న కొడుకును నోరారా అన్న అని పిలుస్తాం, చట్టానికి అతను బంధువు కాడు. అతనికి ఏడాదిలో 50,000 దాటి ఇస్తే మొత్తం సొమ్ము అతని ఆదాయంలో కలిసి పన్ను పడుతుంది. ఇంకో చిత్రం ఉంది. మేనమామకు లాటరీ తగిలి మేనల్లుడికి పది లక్షలు ఇస్తే పన్ను లేదు. మేనల్లుడికి తగిలి మేనమామకు ఇస్తే మేనమామ పన్ను కట్టాలి. పుచ్చుకునేవాడి వైపు నుంచి వరస చూస్తారు కాబట్టి ఇలా అవుతుంది. నోటీసు వచ్చిన రోజున ఆ పెద్దాయన అనేది ఒకటే: "ఇచ్చినట్టే ఇచ్చి ఇరికించాడు." పెళ్ళికి పెళ్ళికూతురికో పెళ్ళికొడుక్కో ఇచ్చే కానుకలకు మాత్రం, ఎవరిచ్చినా, ఈ పన్ను లేదు.

భార్య పేరున వేస్తే పన్ను తగ్గుతుందని చుట్టాల్లో ఎవరో ఒకరు తప్పక చెబుతారు. తగ్గదు. ఆమెకు ఇచ్చిన సొమ్ము మీద వచ్చే వడ్డీ భర్త ఆదాయంలోనే కలుపుతారు. మైనరు పిల్లల పేరున వేసినా అంతే.

పాతిక రూపాయల వాటా

స్నేహాలు తెగేది ఎక్కువగా ఉమ్మడిగా కొన్న టికెట్ల దగ్గర. 2023 జులైలో కేరళ మాన్సూన్ బంపర్ 10 కోట్ల బహుమతి మలప్పురం జిల్లా పరప్పనంగాడి మున్సిపాలిటీలో చెత్త సేకరించే హరితకర్మసేన మహిళలు 11 మందికి తగిలింది. 250 రూపాయల టికెట్టు కొనేంత డబ్బు ఏ ఒక్కరి దగ్గరా లేక అందరూ వేసుకున్నారు. తొమ్మిది మంది తలా 25. మిగతా ఇద్దరి దగ్గర అదీ లేక ఒక 25ను చెరి సగం పంచుకున్నారు.

ఈ పన్నెండున్నర రూపాయల దగ్గర ఆగి ఆలోచించాలి. 10 కోట్లలో కమిషన్, 30 శాతం పన్ను పోను మిగిలే 6.3 కోట్లను పది వాటాలు చేస్తే ఒక్కో వాటా 63 లక్షలు. ఆ ఇద్దరికీ చెరి అర వాటానా? లేక పదకొండు మంది సమానమా? డ్రాకు ముందు ఈ ప్రశ్న అడిగితే పన్నెండున్నర రూపాయల ప్రశ్న, నవ్వేసి చెప్పుకుంటారు. డ్రా అయ్యాక అదే ముప్పై లక్షల ప్రశ్న. అందుకే టికెట్టు కొన్న పూటే వాట్సాప్ గ్రూపులో మూడు ముక్కలు పెట్టాలి: టికెట్టు రెండు వైపులా ఫొటో, ఎవరు ఎంత వేశారో, పంపకం వేసిన డబ్బు ప్రకారమా సమానమా. అందరూ సరే అని జవాబివ్వాలి. డబ్బు యూపీఐలో పంపితే అదే రుజువు. ప్రతి నెలా వేసేవాడు ఈ నెల వేయడం మరిచిపోతే అతని బదులు ఎవరైనా వేస్తారా, లేక అతనికి ఈసారి వాటా లేదా అన్నది కూడా ముందే తేల్చుకోవాలి. పాత స్నేహితుల మధ్య కోర్టు దాకా వెళ్ళే తగాదాలకు విత్తనం ఇక్కడే పడుతుంది.

బహుమతి తీసుకునేటప్పుడు కూడా అందరి పేర్లూ ఉండాలి. ఒక్కరి పేరునే తీసుకుందాం, తర్వాత పంచుకుందాం అనుకుంటే రెండు నష్టాలు. మొదటిది పన్ను. కమిషన్ పోను 9 కోట్లు ఒకే పేరున పడితే 25 శాతం సర్‌చార్జీ, నికరం 5.49 కోట్లు. పదకొండు పేర్ల మీద పడితే ఒక్కొక్కరిది కోటి లోపే కాబట్టి సర్‌చార్జీ 10 శాతమే, మొత్తం నికరం 5.91 కోట్లు. కాగితం సరిగా లేనందుకు 42 లక్షలు పోతాయి. రెండోది, ఒక్కరి ఖాతా నుంచి స్నేహితులకు వెళ్ళిన సొమ్ము వాటా అని రుజువు చేసుకోలేకపోతే బహుమానంగా లెక్కకొస్తుంది, అప్పుడు వాళ్ళు మళ్ళీ పన్ను కట్టాలి.

ఇది మన గల్ఫ్ కార్మికులకు నేరుగా తగిలే సంగతి. తెలుగు రాష్ట్రాల్లో లాటరీ అమ్మకం నిషేధం. శబరిమల వెళ్ళిన స్వాములు దారిలో కేరళ టికెట్టు కొనడం ఉంది కానీ, మనవాళ్ళు ఎక్కువగా ఆడేది అబుదాబి బిగ్ టికెట్. ఒక టికెట్టు 500 దిర్హాములు, కూలి పనివాడికి ఒక్కడికి అది బరువు. అందుకే గదిలో పదిమంది తలా 50 వేసుకుంటారు, టికెట్టు మాత్రం ఒక్కరి పేరున ఉంటుంది. తగిలితే అక్కడ ఆదాయపు పన్ను లేదు. చిక్కు ఇంటికి పంపేటప్పుడు వస్తుంది. టికెట్టు పేరున్నవాడు తన గదివాడి వాటాను నేరుగా జగిత్యాలలో ఉన్న ఆ గదివాడి భార్య ఖాతాకు పంపితే, బంధువు కాని మనిషి నుంచి వచ్చిన సొమ్ముగా ఆమెకు పన్ను ప్రశ్న వస్తుంది. అదే వాటాను ముందు అక్కడే గదివాడి ఖాతాలో వేసి, అతను తన భార్యకు పంపుకుంటే అది భర్త పంపిన డబ్బు, ఆ ప్రశ్నే లేదు. ఒక్క అడుగు తేడా.

సగం నీకిస్తాలే అన్న నోటి మాట గురించి కూడా చెప్పాలి. టికెట్టుకు డబ్బు వేయని మనిషికి సరదాగా ఇచ్చిన మాట చట్టం ముందు నిలవదు, ప్రతిఫలం లేని ఒప్పందం చెల్లదు కాబట్టి. కానీ ఆ మాట విన్నవాడు దాన్ని ఆస్తిలాగే మోస్తాడు.

చేబదులు, హామీ సంతకం

డబ్బు అడగడానికి సిగ్గుపడేవాళ్ళు అప్పుగా అడుగుతారు. కాగితం లేని అప్పుకు రెండు జ్ఞాపకాలుంటాయి. ఇచ్చినవాడికి అది అప్పు, పుచ్చుకున్నవాడికి నెమ్మదిగా సాయంగా మారుతుంది. పాతిక కోట్లున్నవాడు రెండు లక్షలు వెనక్కి అడుగుతాడా అన్న ఊహే ఆ మార్పుకు కారణం. కనుక వదులుకోగలిగిన చిన్న మొత్తాలను తిరిగి రానక్కర్లేదని నోటితో చెప్పి ఇచ్చేయాలి. పెద్ద మొత్తాలకు ప్రోనోటు రాయించుకోవాలి. మధ్యరకం వద్దు. 20,000, ఆ పైన అప్పు నగదుగా చేతులు మారకూడదు, బ్యాంకు ద్వారానే పోవాలి. నగదు పుచ్చుకున్నవాడికి అంతే మొత్తం జరిమానా పడే చట్టం ఉంది.

అన్నిటికంటే ప్రమాదం హామీ సంతకం. నీ డబ్బు ఒక్క పైసా అక్కర్లేదు, బ్యాంకులో జామీను సంతకం పెట్టు చాలు అని స్నేహితుడు అంటే తేలిగ్గా అనిపిస్తుంది. అప్పు తీసుకున్నవాడికి ఎంత బాధ్యత ఉందో హామీదారుకూ అంతే. బ్యాంకు ముందు అతన్ని వదిలి నేరుగా హామీదారు మీదికి రావచ్చు. ఖాతాలో కోట్లున్న హామీదారు ఉంటే ఎవరి దగ్గరికి వస్తారో వేరే చెప్పక్కర్లేదు.

స్నేహితుల్లో బీమా ఏజెంటు ఒకరు ఉండనే ఉంటారు, బ్యాంకు మేనేజరు కూడా మొదటి వారంలోనే టీ ఇస్తారు. బీమానూ షేర్ మార్కెట్ పెట్టుబడినీ కలిపి అమ్మే, ఐదేళ్ళు కదలని యూలిప్ పాలసీలు అమ్ముడుపోయేది అప్పుడే. ఆరు నెలల దాకా ఏ పాలసీ, ఏ ప్లాటు, ఏ వ్యాపార భాగస్వామ్యం ఉండదని అందరికీ ఒకే జవాబు చెప్పుకుంటే, వద్దన్నది ఆ స్నేహితుణ్ణి కాదని అతనికీ తెలుస్తుంది. ఈలోగా సొమ్ము పెద్ద బ్యాంకుల్లో డిపాజిట్లుగా ఉంచాలి. బ్యాంకు దివాలా తీస్తే ఒక్కో బ్యాంకులో బీమా ఉన్నది 5 లక్షలకే, కాబట్టి అర శాతం వడ్డీ ఎక్కువిస్తుందని చిన్న సహకార బ్యాంకులో కోట్లు పెట్టకూడదు.

లాటరీ గెలిచినవాళ్ళలో 70 శాతం దివాలా తీస్తారన్న మాట అంతటా తిరుగుతోంది. అమెరికాలో ఏ సంస్థ పేరు మీద అది చలామణీ అయిందో ఆ సంస్థే 2018లో తమకు సంబంధం లేదని చెప్పింది. నిజంగా లెక్క తీసిన పరిశోధనలు ఇంకో రకంగా ఉన్నాయి. ఫ్లోరిడాలో 50 వేల నుంచి లక్షన్నర డాలర్లు గెలిచినవాళ్ళు, 10 వేల లోపు గెలిచినవాళ్ళతో పోలిస్తే, మొదటి రెండేళ్ళు తక్కువగా దివాలా తీశారు. మూడు నుంచి ఐదేళ్ళ మధ్య ఎక్కువగా తీశారు. అంటే అప్పులు తీరలేదు, వాయిదా పడ్డాయి. కెనడాలో ఇంకా విచారకరమైన సంగతి బయటపడింది. గెలిచినవాడి ఇరుగుపొరుగు ఇళ్ళలో దివాలాలు పెరిగాయి, వాళ్ళలా కనిపించాలని అప్పు చేసి కొనడం వల్ల. గెలిచినవాడు కారు కొంటే ఆ కారు ధర పక్కింటివాడు కూడా కడుతున్నాడన్నమాట. స్వీడన్‌లో మాత్రం పెద్ద బహుమతులు గెలిచినవాళ్ళు పదేళ్ళ తర్వాత కూడా తమ బతుకు పట్ల ఎక్కువ తృప్తితో ఉన్నారని 2020లో అచ్చయిన అధ్యయనం తేల్చింది. డబ్బే శాపం అనడానికి ఆధారం లేదు.

అందుకే మొదటి రోజులు ముఖ్యం. టికెట్టు వెనక పేరు, చిరునామా రాసి సంతకం పెట్టాలి, అది చేయనంత వరకు టికెట్టు ఎవరి చేతిలో ఉంటే వారిది. రెండు వైపులా నకలు తీసి బ్యాంకు లాకర్లో పెట్టాలి. కేరళలో బహుమతి కోరడానికి 30 రోజుల గడువుంది, మొదటి రోజే పరుగెత్తనక్కర్లేదు. ఆ వ్యవధిలో ఆడిటరును, లాయరును కలవాలి. ఇద్దరూ బంధువులు కాకూడదు. పేరు బయటపెట్టవద్దని శాఖను అడిగిన విజేతలున్నారు. విలేకరుల ముందు పెద్ద చెక్కు నమూనా పట్టుకుని నవ్విన ఫొటో ఊరి గ్రూపులన్నిటికీ చేరుతుందని గుర్తుంచుకోవాలి. కేరళ ప్రభుత్వం బహుమతి గెలిచినవాళ్ళకు డబ్బు నిర్వహణ మీద శిక్షణ తరగతి కూడా మొదలుపెట్టింది, వెళ్ళడం మంచిది.

ఇంట్లో సాయానికి ఒక పట్టిక రాసుకోవాలి. మొత్తంలో ఎంత శాతం పంచుతాం, ఎవరెవరికి, ఏ నెలలో. అది ముగిశాక కొత్తగా వచ్చే విన్నపాలను ఏడాదికి రెండుసార్లే చూస్తామని చెప్పాలి. గుమ్మం దగ్గర నిలబెట్టి అప్పటికప్పుడు తేల్చకూడదు. చదువుకైతే కాలేజీ ఖాతాకు, వైద్యానికైతే ఆసుపత్రి ఖాతాకు నేరుగా కట్టాలి. వద్దని చెప్పాల్సి వస్తే భార్యాభర్తలిద్దరూ ఒకే మాట చెప్పాలి. ఆయన ఇద్దామనే అంటున్నాడు, ఆవిడే ఒప్పుకోవడం లేదు అన్న ఒక్క మాటతో కోడలు జీవితాంతం చెడ్డదవుతుంది.

వీలునామా కూడా ఆ ఏడాదే రాయాలి. రాయకుండా హిందూ మగమనిషి పోతే భార్య, పిల్లలు, తల్లి సమానంగా పంచుకుంటారు. వాళ్ళుండగా తండ్రికి రాదు. బ్యాంకులో నామినీగా రాసిన పేరు డబ్బు పుచ్చుకోవడానికే, సొంతదారు కావడానికి కాదు. నామినీ నేనే కదా అని తమ్ముడు, వారసురాలిని నేను అని వదిన ఎదురెదురుగా నిలబడే పరిస్థితి దీనివల్లే వస్తుంది.

రెండో ఏడు వచ్చేసరికి అడిగేవాళ్ళు తగ్గుతారు, తప్పుకు తిరిగేవాళ్ళు పెరుగుతారు. ప్రోనోటుకు కాలదోషం మూడేళ్ళకు పడుతుంది. ఆ గడువు లోపు అప్పు తీసుకున్న స్నేహితుణ్ణి పిలిచి, ఎంతో కొంత కట్టించుకుని నోటు వెనక చెల్లు వేయించుకోవాలి, లేదా ఎదురుగా నోటు చించేసి బాకీ లేదని చెప్పాలి. రెండూ చేయకుండా బీరువాలో వదిలేస్తే అతను మీ వీధిలోంచి రావడం మానేస్తాడు. వాళ్ళమ్మాయి పెళ్ళి శుభలేఖ మీ ఇంటికి రాదు.